పై పెదవి

ఫోర్‌మన్ కాలరు అన్న గుప్పిట్లో ఉంది. మడమలు నేలకి ఆనడం లేదు. అతని తల వెనకగా గొలుసు కదులుతోంది. ఖాళీ కొక్కేలు ఒక్కొక్కటే అతని చెవిని రాసుకుంటూ ముందుకు పోతున్నాయి.

"అది అడిగింది సగం పూట సెలవు," అన్నాడు అన్న, గొంతు పెంచకుండానే. "ఇస్తావా, ఇవ్వవా?"

"కబేళా అనుకున్నావా, కచేరీ అనుకున్నావా..." ఫోర్‌మన్ ముఖం కందగడ్డలా అయింది.

"ఇస్తావా, ఇవ్వవా?"

పేగులు కడిగే బల్ల దగ్గర్నుంచి చెల్లెలు పరుగెత్తుకొచ్చింది. మోచేతుల దాకా నెత్తురూ, నురగా. "వదిలెయ్ అన్నా! పని అయ్యాకే వెళ్తాలే. వదిలెయ్!" అంటూ అతని చేతిని పట్టుకుని వేలాడింది. వరసలో ఆగిపోయిన గొర్రెలు అరుస్తున్నాయి. పైన అద్దాల గదిలోంచి ఎవరో గంట నొక్కారు. అప్పుడు పట్టు సడలింది. ఫోర్‌మన్ మోకాళ్ళ మీద పడి, లేచి, కాలరు సర్దుకుని, ఆమె వైపు చూడకుండానే "పో. పోయి ఊదుకో," అన్నాడు.

ఆ షెడ్డులో ఆమెని అందరూ బాకా అనే పిలుస్తారు. షిఫ్టు అయ్యాక తోళ్ళకి ఉప్పు పట్టించే గదిలో కూర్చుని ట్రంపెట్ ఊదుతుంది కాబట్టి ఆ పేరు. అక్కడ నడుమెత్తున పేర్చిన పచ్చి తోళ్ళు చప్పుడంతా మింగేస్తాయి, వీధిలోవాళ్ళు తిట్టరు. వెటకారానికి పెట్టిన పేరు ఆరేళ్ళలో అసలు పేరైపోయింది. హాజరు పట్టీలో కూడా ఒకసారి అదే పడింది.

"ఊరికే గొడవ పెట్టుకున్నావు. రేపట్నుంచి నీ మీద కక్ష కడతాడు," అంది బాకా.

"కట్టనీ." అన్న కత్తిని తొడకి కట్టుకున్న రబ్బరు గుడ్డకేసి తుడిచాడు. "అక్కడ పరీక్షలో తల దించుకుని నిలబడకు. ఎదటివాడు మనల్ని తొక్కకముందే మన చెయ్యి ఎంత బరువో ఒకసారి చూపించాలి. తర్వాత వాడే మర్యాదగా ఉంటాడు."

అంతలో తర్వాతి గొర్రె అతని ముందుకొచ్చింది. ఎడమచేత్తో గడ్డం పైకెత్తాడు. ఒక్క గీత. వేడి నెత్తురు కాలవలోకి దూకింది. కాళ్ళు గాలిలో నాలుగుసార్లు తన్నుకుని ఆగిపోయాయి. అన్న అప్పటికే రెండో గడ్డం ఎత్తుతున్నాడు.

బాకా సబ్బుతో మూడుసార్లు చేతులు రుద్దుకుంది. గోళ్ళ సందుల్లో వాసన మాత్రం పోలేదు. పెట్టె భుజాన వేసుకుని బస్సెక్కింది.

విశ్వవిద్యాలయం సంగీత విభాగంలో మూడో అంతస్తు నడవా అద్దంలా మెరుస్తోంది. ఆ నడవాలో రెండే రెండు కుర్చీలు. ఒకదాంట్లో మందపాటి కళ్ళజోడు పెట్టుకున్న కుర్రాడు కూర్చుని ఉన్నాడు. ట్రంపెట్ మౌత్‌పీస్‌ని గుప్పిట్లో పెట్టుకుని వెచ్చబరుస్తున్నాడు. ఫీజూ హాస్టలు ఖర్చూ లేని సీటు ఒకటే ఉంది. నలభైమందిలోంచి చివరిదాకా మిగిలింది వీళ్ళిద్దరే. విభాగం పంపిన ఉత్తరం బాకాకి కంఠతా వచ్చు. 'వాయించవలసిన రచన ఇద్దరు అభ్యర్థులకూ ఒకే రోజున, పరీక్షకు పది రోజుల ముందు పంపబడును.'

ఆ పది రోజులూ ఆమెకి తిండి సహించలేదు. నొటేషన్ కాగితాలని తోళ్ళ దొంతరకి గుచ్చి, పెదవులు మొద్దుబారేదాకా ఊదింది. రెండో పేజీ మాత్రం లొంగలేదు. అక్కడ స్వరం మెట్లు మెట్లుగా పైకెక్కుతుంది, మధ్యలో ఊపిరి తీసుకునే చోటే కనబడదు.

లోపల్నుంచి పిలుపు వచ్చింది. కుర్రాడు గాభరాగా లేచేసరికి ఒళ్ళోని ఫైలు జారి కాగితాలన్నీ నేలమీద పరుచుకున్నాయి. బాకా వంగి ఏరి ఇవ్వబోయింది. ఒక కాగితం దగ్గర ఆమె చెయ్యి ఆగింది. అదే రచన. మడతల దగ్గర చిరిగితే టేపు అంటించి ఉంది. మూడు రంగుల పెన్సిళ్ళతో గుర్తులు. రెండో పేజీ మీద వాలు అక్షరాలతో ఎవరో పెద్దవాళ్ళు రాశారు: 'ఇక్కడ ఊపిరి తీసుకోకు. ముందు గీతలోనే సగం దాచుకో.' దాని కింద తేదీ. ఆ తేదీకీ ఈ రోజుకీ మధ్య రెండు నెలల పైనే ఉంది.

"ఇది నీకెప్పుడొచ్చింది?"

"అందరికీ వచ్చినప్పుడే." కుర్రాడు కాగితం లాక్కున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

తలుపు మీద అంటించిన చీటీలో ఎవరు ముందు, ఎవరు వెనక అని రాసి ఉంది. అవే వాలు అక్షరాలు. కింద విభాగం లెక్చరర్ సంతకం ఉంది. పరీక్షించే ముగ్గురిలో ఆయనొకడు.

బాకా నడవాలో నిలబడి తలుపులోంచి వింది. కుర్రాడు రెండో పేజీని తెగకుండా ఎక్కేశాడు. బాగా ఊదాడు. అది ఆమె కాదనలేకపోయింది. అందుకే ఒళ్ళు మరింత మండింది.

తన వంతు వచ్చింది. మొదటి పేజీ నడిచింది. రెండో పేజీలో ఊపిరి చాల్లేదు, స్వరం గొంతు కోసినట్టు తెగింది. ఆ కోపంతో మూడో పేజీని పళ్ళు బిగించినట్టు పట్టుకుని ఊదింది. విభాగానికి పెద్ద అయిన మేడం చేతిలో పెన్ను ఆగిపోయింది. చివరి స్వరం ఆగాక కిటికీ అద్దాలు ఇంకా సన్నగా మోగుతున్నాయి.

"బలం ఉంది," అన్నాడు లెక్చరర్ పెన్ను మూత బిగిస్తూ. "చదువు లేదు. ఆ రెండో పేజీ లోతు తెలియాలంటే పది రోజులు ఏం చాలతాయమ్మా?"

పెద్ద మేడం కళ్ళద్దాలు తీసి, "తేల్చుకోలేకపోతున్నాం. సోమవారం ఇద్దర్నీ మళ్ళీ వింటాం. ఇదే రచన," అంది.

కింద ఆఫీసులో గుమాస్తా బాకా చెప్పిందంతా విన్నాడు. ఆవులించాడు. "రాసివ్వు, ఫైల్లో పెడతా. ఆ ఫైలు మొదట ఎవరి బల్ల మీదకి పోతుందో తెలుసా? ఆయన బల్ల మీదకే. సోమవారం పరీక్ష పెట్టుకుని ఎందుకొచ్చిన గొడవ, చెప్పు."

సాయంత్రం ఇంట్లో కంచం ముందు కూర్చున్నా ముద్ద దిగలేదు. అమ్మ రెండుసార్లు అడిగింది. మూడోసారి అడిగేసరికి బాకా కోపం కట్టలు తెంచుకుంది. అంతా కక్కేసింది. టేపు అంటించిన కాగితం, వాలు అక్షరాలు, తేదీ, చివరికి ఆ 'పది రోజులు ఏం చాలతాయమ్మా'.

అన్న గుమ్మంలో కూర్చుని కత్తి నూరుతున్నాడు. రాయి మీద అంచు జారే చప్పుడు ఒక్కసారి కూడా లయ తప్పలేదు.

"పోనీలే," అంది అమ్మ. "పెద్దవాళ్ళ వ్యవహారం. దేవుడున్నాడు."

"దేవుడికి కూడా పది రోజుల ముందే చెప్పారేమో!" బాకా కంచాన్ని తోసేసింది. "వాడు నా మొహం మీదే అబద్ధమాడాడు. అందరికీ వచ్చినప్పుడే వచ్చిందిట! ఆ మూతి పగలగొట్టాలనిపించింది నాకు."

"ఏ మూతి? మాస్టారిదా, కుర్రాడిదా?" అన్నాడు అన్న.

"ఇద్దరిదీ!" అంది ఏడుస్తూనే నవ్వుతూ. అమ్మ కూడా నవ్వింది.

"ఆ కుర్రాడు ఎక్కడుంటాడో?"

"నాకేం తెలుసు? రోజూ అయిదింటికి ఆ లెక్చరర్ ఇంటికి ప్రాక్టీసుకి పోతాడని గుమాస్తానే చెప్పాడు. క్యాంపస్ వెనక సందులో ఇల్లట. ఊరందరికీ తెలుసు, రాసిచ్చే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు."

అన్న కత్తి అంచుని బొటనవేలితో తడిమి చూసి గుడ్డలో చుట్టాడు. "తిను," అన్నాడు. "ఖాళీ కడుపుతో ఊదితే స్వరం నిలబడదు."

ఆమె కంచం మళ్ళీ దగ్గరికి లాక్కుంది. ఎవరో ఒకరు తన కోపాన్ని పంచుకున్నారన్న తృప్తితో కడుపు నిండా తింది.

మర్నాడు అన్న మధ్యాహ్నం షిఫ్టు మధ్యలో కనబడలేదు. ఫోర్‌మన్ అతన్ని వెతకనూ లేదు, అడగనూ లేదు. బాకా ఆ రోజంతా పేగులు తిరగేసి కడుగుతూ, ముక్కుతో ఊపిరి దాచుకోవడం సాధన చేసింది.

శనివారం పన్నెండింటికి ఆఫీసు గదిలోంచి పిలిచారు, ఆమెకి ఫోనుట. అవతల గుమాస్తా.

"సోమవారం నువ్వొక్కదానివే. పదింటికి రా. ఊరికే లాంఛనం అనుకో."

"అతను?"

"ఆస్పత్రిలో ఉన్నాడు. నిన్న సాయంత్రం ఎవడో చావగొట్టాడు. పై పెదవి రెండుగా చీలిపోయింది, ముందు పళ్ళు రెండు పోయాయి." గుమాస్తా గొంతు తగ్గించాడు. "నీకు కలిసొచ్చిందిలే. నేనలా అన్నానని అనకు."

ఫోను పెట్టేసి షెడ్డులోకి వచ్చింది. అన్న గొలుసు దగ్గర ఎడమచేత్తో గడ్డం ఎత్తుతున్నాడు. కత్తి పట్టిన కుడిచేతి వేళ్ళ ముడుల మీద తోలు లేచిపోయి ఉంది. మధ్యవేలి ముడి మీద రెండు లోతైన గాట్లు, చంద్రవంకల్లా.

"ఏమైంది చేతికి?"

"కత్తి జారింది."

కత్తి కోతలు బాకా ఆరేళ్ళుగా చూస్తోంది. తన చేతి మీదే పదకొండు ఉన్నాయి. కత్తి కోత గీతలా ఉంటుంది. ఇది గీత కాదు, పంటి గాటు. ఆమె చేతులు కడుక్కుని ఆస్పత్రికి బయల్దేరింది.

ఆస్పత్రిలో కుర్రాడి మంచం కిటికీ పక్కనుంది. ముఖం సగం గుమ్మడికాయలా వాచింది. కళ్ళజోడు లేదు. ముక్కు కింద నుంచి పెదవి అంచు దాకా నల్లదారం కుట్లు. పెదవి ఇంకా రసి కారుతోంది. వాళ్ళక్క దూదితో అద్దుతోంది.

"నువ్వు ఆ రెండో అమ్మాయివి కదా?" అంది ఆ అక్క. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "చూశావా? సందులో వెనకనుంచి వచ్చాట్ట. జుట్టు పట్టుకుని గోడకేసి ఆనించి, మూతి మీదే కొట్టాట్ట. ఎనిమిదో పదో. కంటిమీద కాదు, కడుపులో కాదు. మూతి మీదే. కింద పడ్డాక ట్రంపెట్‌ని కాలితో తొక్కి అప్పచ్చి చేశాడు. జేబులో చెయ్యి పెట్టలేదు, ఫోన్ ముట్టుకోలేదు. మేమెవరికి ఏం అపకారం చేశామమ్మా?"

బాకా తెచ్చిన పళ్ళ సంచిని ఎక్కడ పెట్టాలో తెలియక గుండెలకి అదుముకుని నిలబడింది.

కుర్రాడు తలగడ కింద నుంచి పలకలాంటి అట్టా, పెన్సిలూ తీశాడు. మాట్లాడకూడదని డాక్టరు చెప్పాడుట. రాసి తిప్పి చూపించాడు.

'సోమవారం నువ్వేనా?'

ఆమె తలూపింది.

మంచం పక్క సంచీలోంచి ఆ టేపు అంటించిన కాగితాలు తీయించాడు అక్కచేత. వాటిని బాకా చేతిలో పెట్టి, మళ్ళీ రాశాడు. 'రెండో పేజీ గుర్తులు చూసుకో. పనికొస్తాయి.' కాసేపు ఆగాడు. పెన్సిల్ ముల్లు విరిగేలా నొక్కి రాశాడు. 'నీతో అబద్ధం చెప్పాను. రెండు నెలల ముందే ఇచ్చారు. నేను అడగలేదు. వద్దని కూడా అనలేదు.'

చదివి ఆమె కళ్ళెత్తలేకపోయింది. అతను కాగితాల్ని వెనక్కి తీసుకుని, ఆఖరి పేజీ వెనకవైపు తేదీ వేసి, ఆ మాటే పొందిగ్గా రాసి సంతకం పెట్టాడు. పక్కన మరో ముక్క: 'కావాలంటే మేడంకి చూపించు.'

"ఒరేయ్, ఎందుకురా?" అంది వాళ్ళక్క. "వచ్చే ఏడన్నా మళ్ళీ ఆ మాస్టారి దగ్గరే కదా..."

కుర్రాడు తల అడ్డంగా ఊపాడు. ఊపినందుకు నొప్పితో కళ్ళు మూసుకున్నాడు. కుట్ల మధ్యనుంచి ఒక నెత్తుటి బొట్టు గడ్డం దాకా జారింది.

ఆ బొట్టు చూస్తూ, 'కొట్టింది మా అన్న' అని మూడుసార్లు నోటిదాకా తెచ్చుకుంది బాకా. మూడుసార్లూ మింగేసింది. కాగితాలు మడిచి పట్టుకుని మెట్లు దిగింది.

ఆదివారం కబేళాకి సెలవు. తోళ్ళ గదిలో ఉప్పు వాసన ముక్కు పగలగొడుతోంది. బాకా కాగితాలు ముందు పెట్టుకుని, గుర్తుల ప్రకారం రెండో పేజీ ఊదింది. ముందు గీతలో సగం ఊపిరి దాచుకుంది. స్వరం తెగలేదు. మొదటిసారి అది ఆ మెట్లన్నీ ఎక్కి పైన నిలబడింది. ఇంత చిన్న కిటుకా! దీని కోసమా తను పది రోజులు పెదవులు చీరుకున్నది!

"అబ్బ!" అన్నాడు అన్న గుమ్మంలోంచి. ముఖం వెలిగిపోతోంది. "ఇంకేం, సీటు నీదే."

ఆమె ట్రంపెట్ దించింది. "ఎనిమిది దెబ్బలా, పదా?"

అన్న నవ్వు ఆగింది. తలుపు దగ్గరికి వేశాడు. "ఎవరు చెప్పారు?"

"నీ చెయ్యే చెప్పింది."

"నీకోసం చేశాను. వాళ్ళు దొంగదారిన పోతే నేను నేరుగా పోయాను. ఇప్పుడు లెక్క సరిపోయింది."

"నేను అడిగానా నిన్ను? నేను..." గురువారం సాయంత్రం సందు ఎక్కడుందో, ఎన్ని గంటలో తనే చెప్పింది. అతను అప్పుడు ఎందుకడిగాడో మనసులో ఏ మూలనో తెలియకపోలేదు. తెలిసీ కంచం నిండా తింది. "రేపు చెప్పేస్తాను. పెద్ద మేడంతో అన్నీ చెప్పేస్తాను. ఆయన కాగితాలిచ్చిందీ, నువ్వు కొట్టిందీ."

"పిచ్చెక్కిందా? నన్ను జైల్లో వేస్తారు. నీకు సీటూ రాదు, అమ్మకి కొడుకూ ఉండడు."

"ఆ నెత్తురు మీద కూర్చుని నేను చదవలేనన్నా."

"ఏ నెత్తురు మీద కూర్చుని తింటున్నావే ఇన్నాళ్ళూ?" అన్న అరిచాడు. తోళ్ళు ఆ అరుపునీ మింగేశాయి. "అలా అయితే నీకీ బాకా ఎందుకు? ఇటివ్వు!"

అతను ట్రంపెట్ పట్టుకున్నాడు. ఆమె వదల్లేదు. రెండు చేతులతో గుండెకి అదుముకుంది. అతను లాగాడు, ఆమె కొరికింది. అప్పుడు పైకి లేచిన చెయ్యి, ఎన్ని వేల గడ్డాలు ఎత్తిందో ఆ చెయ్యి, అడ్డంగా వచ్చి ఆమె నోటిమీద పడింది. మధ్యలో మౌత్‌పీస్ ఉంది. ఇత్తడి అంచు పెదవిని పంటికేసి కోసింది.

ఆమె ఉప్పు బస్తాల మీద పడింది. పడినచోట ఉప్పు ఎర్రబారింది. అరవాలని నోరు తెరిస్తే బుడగలు తప్ప ఏం రాలేదు.

అన్న ఒక్క అంగలో ఆమె పక్కన మోకాళ్ళ మీద ఉన్నాడు. మాట్లాడలేదు. తెగిన రక్తనాళాన్ని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పెదవిని గట్టిగా నొక్కి పట్టాడు. రెండో చేత్తో తల వెనక్కి వాలకుండా మెడ కింద ఆనించాడు. "మింగకు. ఉమ్మెయ్. కదలకు," అన్నాడు. ఆమెని అలాగే ఎత్తుకుని, పెదవి మీద వేళ్ళు తియ్యకుండా, రెండు వీధుల అవతలున్న డిస్పెన్సరీ దాకా నడిచాడు. నాలుగు కుట్లు వేస్తున్నంతసేపూ గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"ఎలా తగిలింది?" అన్నాడు కాంపౌండరు దారం కత్తిరిస్తూ.

"నేను కొట్టాను," అన్నాడు అన్న.

సోమవారం ఆమెతో పాటు బస్సెక్కాడు. ఆమె వద్దనలేదు. పక్క సీట్లో కూర్చుని దారి పొడుగునా తన చెయ్యి తనే తిప్పి తిప్పి చూసుకున్నాడు. పోలీస్ స్టేషన్ స్టాపు దగ్గర లేచాడు.

"నువ్వు నా సంగతి చెప్పక్కర్లేదు. నేనే చెప్పుకుంటా," అన్నాడు. "ఆ మాస్టారి సంగతి మాత్రం చెప్పు. భయపడకు." దిగాడు. బస్సు కదులుతుంటే చూసింది. మెట్ల ముందు ఒక్క క్షణం ఆగి, చెప్పులు నేలకేసి దులిపి, లోపలికి పోయాడు.

పరీక్ష గదిలో ముగ్గురూ ఆమె ముఖం చూసి నోళ్ళు తెరిచారు.

"ఇదేంటమ్మా!" పెద్ద మేడం కుర్చీలోంచి లేచింది. "నిన్ను కూడానా?"

కుట్లు లాగుతుంటే మాట ముద్దముద్దగా వచ్చింది. అయినా మొదట్నుంచీ చెప్పింది. నడవాలో పడిన కాగితాలు. ఇంట్లో తను అన్న మాట. ఆ సందులో జరిగింది. "కొట్టింది మా అన్న. ఇప్పుడు స్టేషన్లో ఉన్నాడు. దారి చెప్పింది నేను." ఆ చివరి మాటకి కుట్టు దగ్గర మళ్ళీ తడి ఊరింది.

"విన్నారుగా!" లెక్చరర్ బల్ల చరిచాడు. "కత్తులూ కటార్లూ పట్టుకునే మందని తెచ్చి సంగీతం నేర్పమంటే ఇదే జరుగుతుంది. సొంతనోటితో ఒప్పుకుంది. ఈ పిల్లని గేటు దాటనివ్వకూడదు అసలు."

బాకా టేపు అంటించిన కాగితాలు మేడం ముందు పెట్టింది. ఆఖరి పేజీని వెనక్కి తిప్పింది.

మేడం చదివింది. మళ్ళీ చదివింది. తలుపు మీద ఇంకా అంటుకునే ఉన్న చీటీ వంక ఒకసారి చూసింది. "ఈ అక్షరాలు మీవేనా?"

"అతను చెయ్యి తిరిగినవాడండీ," అన్నాడు లెక్చరర్, గొంతు మార్చి. "నేను ఇవ్వకపోయినా గెలిచేవాడే."

"అయితే ఎందుకిచ్చారు?"

ఆయన పెన్ను మూత తీశాడు, పెట్టాడు, తీశాడు. బయటినుంచి వచ్చిన మూడో పరీక్షకుడు మొదటిసారి నోరు విప్పాడు. "ఒకడికి రెండు నెలలు, ఒకర్తెకి పది రోజులు ఇచ్చి, తేల్చుకోలేకపోతున్నాం అనుకున్నాం మనం. సిగ్గుచేటు."

"సీటు అతనికే ఇచ్చెయ్యండి," అంది బాకా. "నాకొద్దు."

"ఎవరికివ్వాలో నువ్వు చెప్పకూడదు, ఆయనా చెప్పకూడదు," అంది మేడం కరుకుగా. "ఇద్దరి మూతులూ మానాలి. మానాక, ఎవరూ చూడని రచన ఒకటి, ఇద్దరి చేతుల్లో ఒకే గంటకి పెడతాను. అప్పటిదాకా సీటు ఖాళీగానే ఉంటుంది." లెక్చరర్ వైపు తిరిగింది. "ఆ రోజు ఈ కుర్చీలో మీరుండరు."

బాకా అక్కడ్నుంచి తిన్నగా ఆస్పత్రికి వెళ్ళింది. ఈసారి మింగలేదు. చెప్పేసింది. కుర్రాడి అక్క చేతిలోని స్టీలు గ్లాసుతో ఆమె భుజం మీద బాదింది, ఒకసారి కాదు, చెయ్యి నొప్పెట్టేదాకా బాదింది. బాకా చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. మంచం మీద కుర్రాడు ఆమె పెదవి మీది కుట్లు లెక్కపెడుతున్నట్టు చూశాడు. తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. అట్ట మీద ఏమీ రాయలేదు.

తొమ్మిది వారాలు గడిచాయి. అన్న కేసు ఇంకా వాయిదాల్లో ఉంది. జైలు ములాఖత్ గదిలో ఇనప వల అటువైపు అతను, ఇటువైపు బాకా. బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది. జుట్టు కత్తిరించేసరికి అన్న చెవులు పెద్దవిగా కనబడుతున్నాయి.

"అయిందా పరీక్ష?"

"అయింది. ఇద్దరికీ కవర్లు ఒకేసారి ఇచ్చారు. అరగంట టైము."

"మరి?"

"సీటు నాకే వచ్చింది."

అన్న కళ్ళు మూసుకుని తెరిచాడు. వలకేసి నుదురు ఆనించాడు. "నాకు తెలుసే. అమ్మకి చెప్పావా?" అని నవ్వాడు. బాకా నవ్వకపోవడం చూసి ఆగాడు. "ఆ కుర్రాడు?"

"సగం దాకా నాకంటే బాగా ఊదాడు." పంటి దగ్గర గట్టిపడిన చోటుని ఆమె నాలుకతో తడుముకుంది. "పైకెక్కేసరికి పెదవి వినలేదు. లోపల గడ్డ కట్టింది. గాలి తప్ప ఏం రాలేదు. అయినా ఆపలేదన్నా. గాలితోనే చివరిదాకా ఊదాడు. నేను నడవాలో నిలబడి అంతా విన్నాను."

అన్న వల మీంచి నుదురు తీశాడు. పక్క అరల్లో ఎవరో పెద్దగా పోట్లాడుకుంటున్నారు. కాపలావాడు కర్రతో బల్ల మీద కొట్టాడు.

"మానుతుందా?"

"డాక్టర్లు చెప్పలేమంటున్నారు. మేడం అతనికి ప్రాక్టీసు గది ఇచ్చింది, వచ్చే ఏడాదికి. నా క్లాసు పక్కనే."

టైమయిందని కాపలావాడు అన్న భుజం పట్టుకుని లేపాడు. అతను రెండడుగులు వేసి, ఆ చెయ్యి విదిలించుకుని వెనక్కి తిరిగాడు.

"ఊదుతున్నాడా మరి?"

"రోజూ," అంది బాకా. "ఆ రాని స్వరమొక్కటే పట్టుకుని ఊదుతున్నాడు."